బురుజు అంచున నా మిత్రుడు

దసరా అయిన నాలుగో రోజు నేనూ, నా చిన్నప్పటి మిత్రుడూ రామగిరి గుట్ట ఎక్కాం. ఎక్కుదామన్న ఆలోచన మా ఇద్దరిదీ కాదు, వాడి భార్యది.

బతుకమ్మ రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె నాకు ఫోన్ చేసింది. దసరా సెలవులు, నేను బజారు నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తున్నాను. సుల్తానాబాద్ సర్కారు బడిలో నేను లెక్కల సారును. ఆమె ఉండేది సిరిసిల్లలో. మామూలుగా పండుగకో, పబ్బానికో తప్ప ఫోన్ చేయదు.

"అన్నా, మీ దోస్తును జర ఎటన్న తోల్కపో. ఇంట్ల మాట్లాడుడు బందువెట్టిండు. నేనేమన్న అడిగితె గోడదిక్కు జూస్తడు. పిల్ల పిలిస్తె పలుకడు. నిద్ర గూడ వడ్తలేదాయెనకు. మా గల్లీల పోయినేడు ఒకాయన గిట్లనే మాట్లాడకుంట, మాట్లాడకుంట ఉండి..." అని ఆగిపోయింది.

ఆ మాట చివర ఏముందో నేతగాళ్ల ఆత్మహత్యలు చూస్తూ సిరిసిల్లలో పెరిగినవాడికి విడమర్చి చెప్పక్కర్లేదు. "సరే చెల్లె, ఫికర్ చెయ్యకు, నేను తోల్కపోత" అన్నాను. అనేశానే గానీ ఫోన్ పెట్టేశాక నాకు మనసొప్పలేదు. అప్పటికి ఎనిమిది నెలలుగా నేను వాడితో మాట్లాడటం లేదు.

కారణం చెప్పాలి. మాఘమాసంలో మా బాపు పోయాడు. బాపు జీవితమంతా సాంచెల మీదే గడిచింది. మా దగ్గర మరమగ్గాలను సాంచెలంటారు. నాకు వాటిని ముట్టనివ్వలేదు గానీ నా మిత్రుడికి పని నేర్పింది ఆయనే. పదో తరగతి పరీక్షలు కాగానే వాడి తండ్రికి పక్షవాతం వచ్చింది. వాడు నాతో కాలేజీకి రావాల్సినవాడు, బాపు వెంట కార్ఖానాకు వెళ్లాడు. తెగిన పోగును ఎలా అతకాలో, నూలు కండె అయిపోతోందని చప్పుడును బట్టి ఎలా పసిగట్టాలో బాపు వాడికి చెబుతుంటే నేను పక్కన పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. చివరి రోజుల్లో బాపు నన్ను గుర్తుపట్టలేదు గానీ వాడి కోసం అడిగాడు.

పదకొండో రోజున వాడు వచ్చాడు. ఇంటి నిండా చుట్టాలు. గోడవారగా నా పక్కన కూర్చున్నాడు. నేను కళ్లు తుడుచుకుంటూ నేలకేసి చూస్తూ అన్నాను: "చివరికి బాపు నిన్నే యాదిజేసిండురా. నువ్వొస్తవా అని రెండుమాట్ల అడిగిండు."

వాడు తలూపాడు. చిన్నగా నవ్వినట్టే అయ్యాడు. "మంచిగైంది తియ్యిరా. మంచిగైంది" అన్నాడు.

పక్కనున్నవాళ్లు తలలు దించుకున్నారు. మా అక్క విసురుగా లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత వాడికి ఫోన్ చేయడం మానేశాను. అంతకు రెండేళ్ల ముందు నుంచే వాడు నా ఫోన్లు ఎత్తడం తగ్గించాడు. రెండూ కలిపి చూసుకుని, చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్నానని వీడికి నా మీద కడుపుమంట అనుకున్నాను. నలభై ఆరేళ్ల వయసులో, నలభై ఏళ్ల స్నేహం గురించి నేను చేసిన ఆలోచన అది.

ఆ రోజు పొద్దున్నే వాడు సుల్తానాబాద్ బస్టాండులో దిగాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు, భుజాన తువ్వాల, చేతిలో బియ్యప్పిండి సర్వప్పల డబ్బా. జేబులోంచి వాడిపోయిన జమ్మి ఆకు తీసి నా చేతిలో పెట్టి, గుండెలకు హత్తుకున్నాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. కళ్ల కింద నల్లబడింది. "మంచిగున్నవా?" అని నేను వాడి భుజం మీదుగా అడిగాను. జవాబు చెప్పలేదు.

బండి మీద బయలుదేరాం. పొలాల్లో వరి గొలకలు వేసి వంగి ఉంది. చేలల్లో పత్తి ఏరేవాళ్లు అప్పటికే దిగారు. రోడ్డు పక్కన గునుగు పూలు ఎండి రంగు పోయాయి. మొహం చూడకుండా మాట్లాడటం సులువు కాబట్టి, ఊరు దాటగానే నేను బండి నడుపుతూ మొదలుపెట్టాను. బాపు పదకొండో రోజు సంగతి ఎత్తాను. ఆ మాట నన్ను ఎంత కోసిందో చెప్పాను. ఎనిమిది నెలలుగా గొంతులో ఉన్నదంతా కక్కేశాను. వెనకనుంచి వాడు "ఆఁ... ఆఁ..." అంటూ ఉన్నాడు. చివరికి నేను, "నా మీద నీకేమన్న కోపముంటె సీదగ చెప్పరాదు?" అన్నాను.

"గంతే మరి" అన్నాడు వాడు.

అక్కడే బండి తిప్పేద్దామా అనుకున్నాను. వాడి భార్య గొంతు గుర్తొచ్చి ముందుకే పోనిచ్చాను.

గుట్ట కింద ఒక ముసలామె గోనెసంచి పరిచి సీతాఫలాలు అమ్ముతోంది. వాడు వంగి ఒక పండును నొక్కి చూస్తుంటే, "ఎన్నిగావాలె బిడ్డా?" అని అడిగింది. "సిరిసిల్ల" అన్నాడు వాడు. ఆమె వాడి మొహంలోకి ఒక క్షణం చూసింది. నేను సిగ్గుపడి, వచ్చేటప్పుడు తీసుకుంటామని చెప్పి వాణ్ణి లాక్కుపోయాను. మనిషి మనసు ఇక్కడ లేదు, వాడి భార్య భయంలో నిజం ఉన్నట్టుంది అనుకున్నాను.

వానలు వెనకబట్టి నెల కూడా కాలేదు. రాతిమెట్ల సందుల్లో ఇంకా తడి ఉంది. గడ్డి నడుము దాకా పెరిగి పసుపు రంగుకు తిరుగుతోంది. శ్రావణంలో ఇక్కడ జాతరలా ఉంటారు జనం. ఆ రోజు మాత్రం గుట్ట మీద మేమిద్దరమే. వాడు ముందు, నేను వెనక. వాణ్ణి కళ్ల ముందు ఉంచుకోవాలని నేనే అలా నడిచాను. పాత కోట దర్వాజా దాటాక దారి రెండుగా చీలుతుంది. "ఎడమదిక్కు పో" అన్నాను. కుడివైపు పోయాడు. "అరేయ్, అటుగాదు" అని అరిచాను. ఆగలేదు. ఇంకో చోట కొండముచ్చుల గుంపు ఒక్కసారిగా కీచుమని అరిస్తే నేను గతుక్కుమని నిలబడిపోయాను. వాడు తల కూడా తిప్పకుండా వాటి కిందనుంచే నడిచిపోయాడు. కావాలనే చేస్తున్నాడని నాకు ఒక పక్క మండిపోతోంది. ఇంకో పక్క దేని మీదా ధ్యాస లేని మనిషి ఎంతకైనా తెగిస్తాడని భయమేస్తోంది.

పైకి చేరేసరికి పదకొండు దాటింది. నేను ఒక బండ మీద కూలబడి నీళ్లు తాగుతున్నాను. సీసా దించి చూస్తే వాడు పక్కన లేడు. ముప్పై అడుగుల దూరంలో ఉత్తరం వైపు బురుజు ఉంది. దాని గోడ సగం కూలి లోయలోకి జారిపోయింది. వాడు ఆ కూలిన చోటే, సరిగ్గా అంచున నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. తువ్వాల గాలికి ఎగురుతోంది.

పేరు పెట్టి పిలిచాను. కదల్లేదు. ఇంకా గట్టిగా పిలిచాను. నా గొంతు ఎదురు బండకు కొట్టుకుని నాకే తిరిగొచ్చింది. వాడు అర అడుగు ముందుకు జరిగాడు.

ఎలా పరుగెత్తానో తెలియదు. వెనకనుంచి వాడి చొక్కా రెండు చేతులతో పట్టుకుని గుంజాను. ఇద్దరం వెల్లకిలా రాళ్ల మీద పడ్డాం. నా కుడికాలు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని మడమ దగ్గర కలుక్కుమంది. ప్రాణం పోయినంత పనైంది.

"ఏమైందిరా? ఎందుకు గుంజినవ్?" వాడు బెదిరిపోయి లేచాడు.

"పిలుస్తె పలుకవెందుకు? ఇగ జూడు, గొంతు చించుకున్న! దుంకుదామనుకున్నవా?" నేను ఏడుస్తూ అరిచాను.

వాడు నా మొహం వైపు చూశాడు. కళ్ల వైపు కాదు, నోటి వైపు. ఆ చూపు నాకు తెలుసు. నా తరగతిలో ఒక పిల్లవాడు అలాగే నా పెదాలకేసి చూస్తుంటే, చెవి పరీక్ష చేయించమని తల్లిదండ్రులను పిలిపించి చెప్పింది నేనే.

"పిలిచినవా?" అన్నాడు వాడు మెల్లగా.

తలూపాను.

"ఇనవడలేదురా."

"ఎప్పటిసంది?"

ఆ మాట కూడా అందలేదు. చేత్తో సైగ చేసి, నోరు పెద్దగా తెరిచి మళ్లీ అడిగాను.

"మూడేండ్లయితుంది. ముందుగాల ఎడమది. తర్వాత రెండు. దగ్గర కూసోని, మొహం జూస్కుంట మాట్లాడితె అందుతది. ఎనకనుంచి అయితె ఏం దెల్వది."

నా పాదం అప్పటికే వాచి నిండుకుండలా అయింది. లేచి నడిచే స్థితి లేదు. వాడు నా చెప్పు విడిపించి, తువ్వాల సగం చింపి, నీళ్లలో తడిపి గట్టిగా కట్టాడు. తర్వాత నాకు ఎదురుగా కూర్చుని డబ్బా తెరిచాడు. తిందామా వద్దా అని ఇద్దరికీ తోచలేదు. చివరికి చెరో సర్వప్ప తుంచుకున్నాం.

"నేను దుంకుతననుకున్నవా?" అని అడిగాడు. దాచలేక తలూపాను. వాడి భార్య ఫోన్ సంగతి కూడా చెప్పాను.

వాడు గోదావరి వైపు తిరిగాడు. ఆ దూరాన సన్నని తెల్లని గీతలా నది కనబడుతోంది. దానికి ఇవతల బొగ్గుబావుల మట్టిదిబ్బలు.

"ఇయ్యాల గాదు" అన్నాడు. "గా మట్టి మనుసులు పోసిందా, ముందటిసందే గుట్టలున్నయా అని జూస్తున్న. గంతే. కని ఒకటి రెండుమాట్ల మనసుల వడ్డది. అబద్ధమెందుకు?"

"ఎందుకురా?"

"సప్పుడు బందైతలేదు. మందిమాట ఇనవడది గని సాంచెల సప్పుడు ఇనవడ్తనే ఉంటది. పన్నా, లేసినా, అన్నం తిన్నా. ఇంత పైకెక్కితె ఈడన్న ఉండదనుకున్న. ఈడ గూడ నడుస్తున్నయిరా." రెండు అరచేతులతో చెవులు మూసుకుని చూపించాడు. "గిట్ల మూస్తె ఇంకెక్కువైతది."

నాకు ఆ క్షణంలో గాలి చప్పుడు, గడ్డి చప్పుడు, ఎక్కడో ఒక పిట్ట కూత తప్ప ఏమీ వినబడటం లేదు. అంత ప్రశాంతంగా ఉన్న చోట వాడి తలలో మాత్రం కార్ఖానా ఆడుతోంది.

ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఏమని చెప్పాలె? చెవిటోడంటరు. నా ముంగటనే నా మీద నవ్వుకుంటరు, నాకు ఎర్కగూడ గాదు. పిల్లకు సంబంధాలు జూసే యాళ్లాయె" అన్నాడు. "అందుకే నేనే మాట్లాడుడు తక్కువజేసిన. మాట్లాడకుంటె కోపమొచ్చిందనుకుంటరు. అనుకోని."

అప్పుడు నాకు తట్టింది. వాడి గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకుని, ఒక్కొక్క మాటా విడదీసి అడిగాను: "బాపు పదకొండోనాడు నేనేం జెప్పిన?"

"తిప్పలవడకుంట పాణం వోయింది అన్నవు గదా. మంచిగైంది అన్న."

నేను అన్నదేమిటో వాడికి మళ్లీ చెప్పాను. చివరికి బాపు నిన్నే యాదిజేసిండు. నువ్వొస్తవా అని రెండుమాట్ల అడిగిండు. మొదటిసారి పూర్తిగా అందలేదు. రెండోసారి అందింది. వాడి చేతిలోని ముక్క రాయి మీద పడిపోయింది. "నేను గప్పుడు నవ్విననారా?" అని అడిగాడు. ఏమని చెప్పను? నవ్వలేదని అబద్ధం చెప్పాను. వాడు నమ్మలేదు. మోకాళ్లలో తల పెట్టుకుని బాపు పోయిన ఎనిమిది నెలలకు ఏడ్చాడు. బండి మీద నేను వెళ్లగక్కినదంతా వాడికి ఒక్క ముక్క కూడా చేరలేదని కూడా అప్పుడే అర్థమైంది. దాన్ని మాత్రం మళ్లీ చెప్పలేదు.

దిగడం నరకమైంది. కుడికాలు నేల మీద మోపలేను. జారితే పిలవడానికీ లేదు. వాడే ఒక ఉపాయం చేశాడు. మిగిలిన సగం తువ్వాల ఒక కొస తన నడుముకు కట్టుకుని రెండోది నా చేతికి ఇచ్చాడు. ఆగాలంటే నేను గుంజాలి. వెంటనే ఆగి, వెనక్కి తిరిగి, భుజం ఇచ్చేవాడు. ఏటవాలు చోట నన్ను వీపున వేసుకున్నాడు. అరవై అయిదు కిలోల మనిషిని నేను. వాడి ఎముకలు నా ఛాతీకి గుచ్చుకున్నాయి. రెండు గంటలు ఎక్కిన గుట్టను దిగడానికి నాలుగు గంటలు పట్టింది.

కింద ముసలామె ఇంకా ఉంది. నా కాలు చూసి అయ్యయ్యో అని లేచొచ్చి కూర్చోబెట్టింది. వాడు నీళ్ల కోసం బోరింగు వైపు వెళ్లాడు. "ఆయనకు ఇనవడది గదా బిడ్డా, గసోంటాయనను గుట్టమీదికి ఒక్కన్ని ముందట నడిపిచ్చినవా?" అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పొద్దున ఒక్క మాటలో ఆమెకు తెలిసింది నాకు మూడేళ్లలో తెలియలేదు.

ఇక బండి సంగతి. బ్రేకు తొక్కే కాలు నాది పనికిరాదు. "నేను నడుపుత, కూసో" అన్నాడు వాడు. మంథని రోడ్డు మీద బొగ్గు లారీలు, ఇసుక లారీలు. వినబడని మనిషి చేతిలో బండి పెట్టడమేమిటని భయం. వేరే దారీ లేదు. వెనక కూర్చుని, లారీ హారను వినబడినప్పుడల్లా వాడి ఎడమ భుజం తట్టాను. తట్టగానే పక్కకు తీసేవాడు. ఒక్కచోట నేను తట్టడం ఆలస్యమైంది. లారీ గాలికి బండి ఊగిపోయింది. ఇద్దరం దిగి, పది నిమిషాలు చెట్టు కింద నిలబడ్డాం.

ఆ చెట్టు కిందే మాకు పంచాయితీ జరిగింది. "మా ఇంట్ల చెప్పకు" అన్నాడు. చెబుతానన్నాను. "నువ్వు జెప్తె నేనిగ నీ మొహం జూడ" అన్నాడు. "చూడకు. కని చెప్త" అన్నాను. సుల్తానాబాద్‌లో బస్సెక్కేటప్పుడు నా వైపు తిరగలేదు. వాడు ఇల్లు చేరేలోపే నేను ఆమెకు ఫోన్ చేసి చెప్పేశాను.

ఆమె ముందు నవ్వింది, నమ్మలేక. "మూడేండ్లసంది నేను ఎవలతోని మాట్లాడిన మరి అన్నా?" అంది. తిట్టిన తిట్లు, బతిమాలిన మాటలు, ఆమె వంటింట్లోంచి చెప్పుకున్న తన కష్టాలు, అన్నీ ఎటు పోయాయని అడుగుతోందని నాకు అర్థమైంది.

వాడు అన్నంత పనీ చేశాడు. నెల రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి భార్యాభర్తలిద్దరూ కరీంనగర్ ఆసుపత్రికి వస్తున్నామని ఆమే చెప్పింది. కుంటుకుంటూ నేనూ వెళ్లాను. చెవి నరాలు దెబ్బతిన్నాయని, పోయింది తిరిగిరాదని, ఉన్నదైనా మిగలాలంటే ఆ చప్పుడుకు దూరంగా ఉండాలని డాక్టరు చెప్పాడు. చెవికి మిషన్ పెట్టుకుంటే మాటలు కొంత అందుతాయన్నాడు. వాడు అంతా శ్రద్ధగా చూసి, "దూరముండి ఏం పని జెయ్యాలె సార్?" అని ఒక్కటే అడిగాడు. డాక్టరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

మిషన్ పెట్టుకున్నాడు. వారం తర్వాత కార్ఖానాలో దాన్ని తీసి జేబులో వేసుకుంటుంటే తోటివాళ్లు చూసి అడిగారట. వాడు దాచకుండా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. యాభై దాటిన ఒకాయన వాణ్ణి పక్కకు పిలిచి, తన చెవి చూపించి తల అడ్డంగా ఊపాడట. తర్వాత ఇంకొకరు. సంక్రాంతి లోపే ఆ షెడ్డు నుంచి అయిదుగురు ఒకే బస్సులో కరీంనగర్ వెళ్లారు. నలుగురికి డాక్టరు అదే మాట చెప్పాడు. మర్నాడు అయిదుగురూ పనిలోకి దిగారు.

నాకు మడమ ఇప్పటికీ చలికి సలుపుతుంది. ఆదివారాలు సిరిసిల్ల వెళ్తుంటాను. ఇంటి ముందు అరుగు మీద ఎదురెదురుగా కూర్చుంటాం. వాడి కూతురు వచ్చి తండ్రి మోకాలు తట్టి, మొహం చూసి, అప్పుడు మాట్లాడుతుంది. భార్యకు ఇంకా కోపం పోలేదు. చెప్పనందుకు వాడి మీదా, కనిపెట్టనందుకు తన మీదా. మొన్న వెళ్లినప్పుడు ఆ చప్పుడు ఏమన్నా తగ్గిందా అని వాణ్ణి అడిగాను.

"లే" అన్నాడు. "కని ఇప్పుడు చెప్పుకుంటున్న గదా."